గర్భసంచి ఏ జిల్లాది?

వరహాలమ్మ అరుగు మీద పీట వేసుకుని రొయ్యలు ఒలుస్తోంది. తల విరిచి, పెంకు లాగి, వీపు మీది నల్లటి నరం గోటితో తీసి, ఒలిచినవి గిన్నెలోకీ పొట్టు అరిటాకులోకీ వేస్తోంది. ఆపరేషన్ అయ్యాక బరువులెత్తకూడదన్నారు. దాంతో నీళ్ళ బిందె, గడ్డిమోపు, కుడితి బాల్చీ ఆమె చేతిలోంచి పోయాయి. రొయ్యలు మిగిలాయి. గడప పక్కన కూర్చున్న పిల్లి, ఈ ఏర్పాటు మీద తనకేమీ అభ్యంతరం లేదన్నట్టు చూస్తోంది.

గవర్రాజు సైకిలు గోడకి ఆనించి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చి మొగుడి హోదాలో అరుగు చివర కూర్చున్నాడు.

"ఏమన్నారు?" తల ఎత్తకుండానే అడిగింది.

"రేపు రమ్మన్నారు."

"నిన్నా అదేగా అన్నారు."

"నిన్నన్నది లావుపాటాయన. ఇయ్యాల అన్నది సన్నపాటాయన. మాటలో తేడా ఉంది."

"ఏటి తేడా?"

"నిన్న 'రా' అన్నారు. ఇయ్యాల 'రండి' అన్నారు." గవర్రాజు గొంతులో తృప్తి వినిపించింది. ఆఫీసు మెట్లెక్కే ముందు చెప్పులు విప్పి చంకలో పెట్టుకునే మనిషి అతను. ఆఫీసరు తిట్టినా ఇంటికొచ్చి, ఎంత చదువుకున్న తిట్టు తిట్టాడో అని మెచ్చుకుంటాడు.

వరహాలమ్మ ఇంకో రొయ్య తల విరిచింది.

ముట్లుడిగి ఏళ్ళు గడిచాక ఆమెకి మళ్ళీ రక్తం కనిపించింది. వేడి చేసిందని సబ్జా నీళ్ళు తాగింది. నడుం నొప్పికి తైలం రాసుకుంది. చివరికి జిల్లా ఆసుపత్రిలో గర్భసంచి తీసేశారు. తీసింది తీసినట్టే సీసాలో వేసి, వెనక ఉన్న పరీక్షల గదికి పంపించారు. అక్కడి డాక్టరు హైమవతి దాన్ని కోసి, రంగు నీళ్ళలో ముంచి, గాజు పలకల మీద పరిచి, సూక్ష్మదర్శినిలో చూసింది. చూసి, ఈ ఊళ్ళ మాట తెలిసిన మనిషి గనక, వరహాలమ్మని పక్కకి పిలిచి నింపాదిగా చెప్పింది.

"గోడలో మూడు కంతులున్నాయమ్మా. అవి మంచివి."

"మంచి కంతులు కూడా ఉంటాయాండీ?"

"ఉంటాయి. పెరుగుతాయి, రక్తం పోయిస్తాయి, అంతకంటే ఏమీ చెయ్యవు. కానీ లోపలి పొరలో, ఎడమ వైపున, ఇంకొకటి ఉంది. అది మంచిది కాదు. క్యాన్సరు. కాస్త గోడలోకి దిగింది. ఇంకా దూరం పోలేదనే నా నమ్మకం. పట్నం పెద్దాసుపత్రిలో రేడియేషన్, అదే, కరెంటు పెట్టించుకోవాలి. ఆలస్యం చేస్తే అది మన కోసం ఆగదు."

"ఎల్తానండీ. కాగితం ఇవ్వండి."

అక్కడ హైమవతి తల దించుకుంది. ఆ కాగితం ఉంటేనే పెద్దాసుపత్రిలో ఆరోగ్య కార్డు మీద చేర్చుకుంటారు. ఆ కాగితం ఇవ్వాలంటే అందులో ఆ మాట రాయాలి. ఆ మాట రాయడానికి లేదు. ఎందుకంటే తూర్పుగట్టు జిల్లా అంతకు కొన్నాళ్ళ ముందే సంపూర్ణ క్యాన్సర్ రహిత జిల్లా అయిపోయింది.

అదంత తేలిగ్గా అయిన పని కాదు. ఎన్నో సమావేశాలు జరిగాయి. రంగు రంగుల బుడగలు ఎగిరాయి. బడిపిల్లలు ఎండలో నిలబడి 'మా జిల్లాలో లేదు, లేదు' అని పాడారు. అంతకు ముందు నుంచీ ఆ జబ్బుతో ఉన్నవాళ్ళని ఏం చెయ్యాలన్న చిక్కొస్తే, వాళ్ళందరినీ 'దీర్ఘకాలిక నీరసం' కిందికి మార్చారు. కొందరు నీరసంతోనే పోయారు. పరీక్షల గది కంప్యూటరులో జబ్బు పేరు ఎంచుకోవలసిన చోట ఆ పేరు తీసేశారు. కాలవ వంతెన మీద పెద్ద బోర్డు పెట్టారు: 'మీరు సంపూర్ణ క్యాన్సర్ రహిత జిల్లాలో ప్రవేశిస్తున్నారు. ఉమ్మివేయరాదు.'

కాలవకి అవతల పడమరగట్టు జిల్లా. మొన్నమొన్నటి దాకా రెండూ ఒకే జిల్లా. విడదీసినప్పుడు కాలవ హద్దు అయింది. అప్పటి నుంచీ ఒకే కాలవలో రెండు జిల్లాల గేదెలు మునుగుతున్నాయి.

*

మర్నాడు గవర్రాజుతో పాటు వరహాలమ్మ కూడా బయల్దేరింది. 'రండి' అన్నది ఇద్దరికీ వర్తిస్తుందని ఆమె వాదన.

ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ పద్మనాభమే క్యాన్సర్ రహిత జిల్లా పరిరక్షణ సంఘానికి సంచాలకుడు కూడా. ఆయన వెనక గోడ మీద శాలువా కప్పుకున్న ఆయన ఫొటో ఉంది. ఫొటోలో ఆయన ఫొటోగ్రాఫరు వైపు కాక భవిష్యత్తు వైపు చూస్తున్నాడు. హైమవతి ఒక పక్కన నిలబడి ఉంది.

"చూడమ్మా," అన్నాడాయన, "తమరి విషయం సంఘం దృష్టికి వచ్చింది. సంఘం విచారం వ్యక్తం చేసింది. అయితే జిల్లాలో లేని వ్యాధి జిల్లావాసికి సంక్రమించడం అనేది పరిపాలనాపరంగా సాధ్యపడే అంశం కాదు."

"పరిపాలనకి కాదండీ. నాకొచ్చింది," అంది వరహాలమ్మ.

గవర్రాజు భార్య మోచెయ్యి గిల్లాడు. "పెద్దోరితో అలాగేనా!" అని నోట్లోనే అని, "దాని మాటలు పట్టించుకోకండి బాబూ, సంతకం రాని మనిషి," అన్నాడు పైకి.

"పర్వాలేదు, పర్వాలేదు." పద్మనాభం చిరునవ్వు నవ్వాడు. "మేము ఇవ్వమనడం లేదు. మూడు కంతులకి సంబంధించిన నివేదిక సిద్ధంగా ఉంది. నిరపాయకరమైన కంతుల విషయంలో మన జిల్లా మొదటి స్థానంలో ఉంది. అవి మూడూ తీసుకెళ్ళండి. నాలుగోదాని ప్రస్తావన వద్దు."

"నాలుగోదేగా నన్ను తినేది?"

హైమవతి గొంతు సవరించుకుంది. "సర్, మూడు కంతులూ ఆ నాలుగోదీ ఒకే గర్భాశయంలో ఉన్నాయి. సగం రాసి సగం వదిలెయ్యడం…"

"డాక్టరు గారూ, మీరు చూసేది సూక్ష్మదర్శిని. సంఘం చూసేది స్థూలదర్శిని. అలాంటి పరికరం లేకపోయినా చూస్తోంది."

ఆయన కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తెరిచినప్పుడు ఆ కళ్ళలో వెలుగొచ్చింది. గొప్ప ఆలోచన వచ్చినప్పుడు ఆయనకి ముందు కళ్ళలోకి వచ్చి తర్వాత నోట్లోకి దిగుతుందని ఆ ఆసుపత్రిలో అందరికీ తెలుసు.

"అమ్మా, మీ పుట్టిల్లెక్కడ?"

"పొట్టిమెరకండీ. కాలవ అవతల."

"కాలవ అవతల! అంటే పడమరగట్టు జిల్లా!" ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. "మీరు పెళ్ళయి ఇక్కడికి వచ్చారు. గర్భాశయం మీకు పెళ్ళయ్యాక వచ్చిందా, పుట్టుకతోనే ఉందా?"

వరహాలమ్మ హైమవతి వైపు చూసింది. పెద్ద డాక్టరుకి ఈ సంగతి నిజంగానే తెలియదేమోనని ఆమెకి భయమేసింది.

"పుట్టుకతోనే ఉంటుంది సర్," అంది హైమవతి.

"అదీ! పుట్టుకతో ఉన్నదంటే పుట్టింటి ఆస్తి. మన జిల్లాకి అది వలస వచ్చిన అవయవం!"

గవర్రాజు చేతులు జోడించాడు. బయటికొచ్చాక, "చూశావా చదువంటే అదీ," అన్నాడు. "నీ కడుపులో ఉన్నదాని గురించి నీక్కూడా తెలీని సంగతి చెప్పాడు."

*

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. సభ్యులు ఎందరున్నా మాట్లాడింది ముగ్గురే. పద్మనాభం, జిల్లా గణాంకాధికారి, సంప్రదాయ సలహాదారు ఘనపాఠి గారు. హైమవతిని నిపుణురాలిగా పిలిచి, మాట్లాడవలసిన అవసరం ఉండదని ముందే చెప్పారు. వరహాలమ్మ బయట బల్ల మీద కూర్చుంది. తలుపు ఓరగా తెరిచే ఉంది.

"ఆడపిల్లతో పాటు పుట్టింటివారు పంపేది సారె," అన్నారు ఘనపాఠి గారు. "మంచం, పరుపు, కావిడి నిండా అరిసెలు, పసుపు కుంకుమలు. నాకు తెలిసి ఏ శాస్త్రంలోనూ సారెలో గర్భాశయం చెప్పలేదు. చెప్పనిది ఇచ్చినట్టు కాదు. ఇవ్వనిది వాళ్ళదే."

"బ్రహ్మాండం," అన్నాడు పద్మనాభం.

గణాంకాధికారి లెక్కల మనిషి. ఆయనకి సందేహాలు జీతంలో భాగం. "ఈ లెక్కన మన జిల్లాకి కోడళ్ళుగా వచ్చినవాళ్ళ అవయవాలన్నీ పొరుగు జిల్లాలకి పోతాయి సార్. మహిళలకి కళ్ళజోళ్ళ పంపిణీలో మన లక్ష్యం దెబ్బతింటుంది."

"కళ్ళు మనవే. గర్భాశయం ఒక్కటే వాళ్ళది."

"మరి అందులో ఉన్న కంతులు?"

"కంతులు మనవి. అవి ఇక్కడి తిండి తిని, ఇక్కడి నీళ్ళు తాగి పెరిగాయి. వాటి మీద జిల్లా హక్కు వదులుకోదు."

"అదే సంచిలో ఉన్న నాలుగోది?"

"అది స్వభావరీత్యా పొరుగుది."

హైమవతి లేచి నిలబడింది. "సర్, ఈలోగా ఆవిడకి చికిత్స మొదలవ్వాలి. రోజులు పోతున్నాయి."

"అందుకే కదమ్మా అత్యవసర సమావేశం పెట్టాం," అని పద్మనాభం నొచ్చుకున్నాడు. "టీ కూడా రాకముందే తీర్మానం చేశాం."

తీర్మానం సారాంశం ఇదీ: వరహాలమ్మ గారి గర్భాశయంలోని నిరపాయకర భాగాన్ని తూర్పుగట్టు జిల్లా సగర్వంగా తన ఖాతాలో వేసుకుంటుంది. అపాయకర భాగాన్ని పడమరగట్టు జిల్లాకి సాదరంగా అప్పగిస్తుంది. సదరు జిల్లా దాన్ని స్వీకరించిన మీదట వారే ఆ మాట రాసి కాగితం ఇస్తారు.

బయట వరహాలమ్మ ఇదంతా విని గవర్రాజుతో, "చేపలో ముల్లు పక్కింటోళ్ళదనీ కండ మనదనీ అంటే పక్కింటోళ్ళు ఊరుకుంటారా?" అంది.

గవర్రాజు, "గవర్నమెంటు చేప అయితే ఊరుకుంటారు," అన్నాడు.

*

పడమరగట్టు జిల్లా ఊరుకోలేదు. ఎందుకంటే వాళ్ళూ క్యాన్సర్ రహితం అవడానికి సిద్ధమవుతున్నారు. బోర్డు రాయించేశారు. తూర్పుగట్టు వాళ్ళు ఒక్క మాటతో సరిపెట్టుకున్నారు గనక పోటీగా వీళ్ళు 'సంపూర్ణ, సమగ్ర, శాశ్వత' అని మూడు మాటలు వేయించారు. రంగు ఆరుతోంది. అలాంటప్పుడు కాలవ అవతలి నుంచి ఒక క్యాన్సరు వచ్చి పడిందంటే ఎవరికి మాత్రం కోపం రాదు?

ఉమ్మడి విచారణ కాలవ వంతెన మీద పెట్టారు. వంతెన సగం వీళ్ళది, సగం వాళ్ళది. ఎవరి కుర్చీలు వాళ్ళ సగంలో వేసుకున్నారు. హైమవతి ఒడిలో గర్భసంచి ఉన్న సీసా, గాజు పలకల అట్టపెట్టె. వరహాలమ్మకి ఎవరూ కుర్చీ వెయ్యలేదు, ఆమె ఏ జిల్లా సగంలో కూర్చోవాలో తేలలేదు గనక. వంతెన పిట్టగోడకి ఆనుకుని నిలబడింది.

పడమరగట్టు తరఫున డాక్టర్ చక్రధరం వచ్చాడు. వస్తూ సాక్షిగా వరహాలమ్మ అన్న తాతబ్బాయిని వెంటబెట్టుకొచ్చాడు. తాతబ్బాయి గంజి పెట్టిన చొక్కా వేసుకుని, పెళ్ళికొచ్చినట్టు వచ్చాడు.

"మా జిల్లా ఈ అమ్మాయిని ఇచ్చినప్పుడు," అని మొదలుపెట్టాడు చక్రధరం, "సంపూర్ణ ఆరోగ్యవంతురాలిగా ఇచ్చింది. ఇచ్చిన సరుకు పుచ్చుకుని, ఇన్నేళ్ళు వాడుకుని, ఇప్పుడు లోపముందని వెనక్కి పంపడం సాటి జిల్లాకి తగదు. తాతబ్బాయి గారూ, మీరే చెప్పండి. మీ చెల్లెలి గర్భాశయంలో అప్పుడు ఏదైనా లోపం ఉందా?"

తాతబ్బాయి మొహం ఎర్రబడింది. "లోపమా! లోపమున్న పిల్లనిచ్చే వంశం కాదండీ మాది. కణుపుల్లేని చెరుకుగడలా ఉండేది నా చెల్లెలు. పెళ్ళయి ఏడాది తిరక్కుండా కడుపు పండింది."

"పురుడెక్కడ పోశారు?" అని ఎగిరి పట్టుకున్నాడు పద్మనాభం.

"తొలి కాన్పు పుట్టింట్లో కాక ఎక్కడ పోత్తారండీ!"

"రాసుకోండి. గర్భాశయం మొదట వినియోగంలోకి వచ్చింది పడమరగట్టు జిల్లాలో!"

"రెండో కాన్పు?" చక్రధరం కూడా తగ్గలేదు.

"అది మా ఇంట్లోనేనండి," అన్నాడు గవర్రాజు, తనని అడక్కపోయినా ఉత్సాహంగా. "మగపిల్లోడు."

"అదీ సంగతి!" అన్నాడు చక్రధరం. "చివరిసారి వాడినవారే బాధ్యులు. అద్దె సైకిలు అయినా అంతే."

ఆ మాటతో తాతబ్బాయికి ఊపొచ్చింది. "అంతేగా మరి! మేవిచ్చినప్పుడు లేని జబ్బు అత్తారింటికెళ్ళాక వచ్చిందంటే, ఆ ఇంట్లో ఏం తిండి పెట్టారో, ఏం చాకిరీ చేయించారో!"

గవర్రాజు జన్మలో మొదటిసారి ఆఫీసర్ల ముందు గొంతెత్తాడు. "ఏం బావా, మా ఇంట్లో పాడైందంటావా? మీ నాన్న దగ్గర్నించీ మీ వంశంలో ఆడోళ్ళందరికీ పొట్ట జబ్బులే. మీ మేనత్త ఎలా పోయిందో ఊరందరికీ తెలుసు!"

"మా మేనత్త మాటెత్తితే కాలవలో తోసేత్తాను!"

"ఏ కాలవలో తోత్తావ్? సగం మాది!"

రెండు జిల్లాల బంట్రోతులూ వాళ్ళని విడదీశారు. ఇంతసేపూ వరహాలమ్మ ఒకసారి అన్న మొహం, ఒకసారి మొగుడి మొహం చూసింది. తనకి ఒంట్లో ఎలా ఉందని ఈ ఇద్దరిలో ఒక్కరూ ఈ మధ్య అడగలేదు. ఇప్పుడు మాత్రం ఆమె కడుపు గురించి ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

"అన్నయ్యా," అంది. "నువ్వు గెలిత్తే నాకు కాగితం ఇత్తారా?"

"నువ్వాగు వరాలూ. ఇది పరువు సంగతి."

"ఏవయ్యా, నువ్వు గెలిత్తే?"

"నువ్వు మాట్లాడకే. పెద్దోళ్ళు మాట్లాడతన్నారు."

హైమవతి కుర్చీలోంచి లేచి సీసా పక్కన పెట్టింది. "ఆవిడ అడిగింది మంచి ప్రశ్న సర్. ఎవరు గెలిస్తే కాగితం ఇస్తారు?"

రెండు వైపులా ఫైళ్ళు తిరగెయ్యడం మొదలైంది. గెలవడమంటే కాగితం ఇవ్వకుండా ఉండడమేనని, అంతవరకూ ఇద్దరూ ఏకాభిప్రాయంతోనే ఉన్నారని అందరికీ తెలిసిపోయింది.

దాన్ని చక్కబెట్టింది గణాంకాధికారి. "వ్యాధి గర్భాశయంలో ఏ వైపున ఉందన్నారు?"

"ఎడమ వైపు."

"అలాగైతే పుట్టిన చోటు, వాడిన చోటు అంటూ భావోద్వేగాలు ఎందుకు? దిక్కు చూద్దాం. ఆవిడ పడుకున్నప్పుడు ఆ భాగం ఏ దిక్కుకి వస్తుందో ఆ దిక్కు జిల్లాది. శాస్త్రీయంగా ఉంటుంది."

ఒక బంట్రోతుని వంతెన మీద వెల్లకిలా పడుకోబెట్టారు. దక్షిణానికి తలపెట్టించారు, ఈ ప్రాంతంలో అందరూ అలాగే పడుకుంటారు గనక. అతని ఎడమ చెయ్యి పడమరకి వచ్చింది.

"పడమర!" తూర్పుగట్టు సగంలో చప్పట్లు మోగాయి. బంట్రోతు కూడా పడుకునే నవ్వాడు.

"ఆగండాగండి," అన్నాడు చక్రధరం చెమట తుడుచుకుంటూ. "అందరూ దక్షిణానికే పెట్టాలని ఎక్కడుంది? ఘనపాఠి గారూ, తూర్పుకి తలపెట్టుకోకూడదా?"

"నిక్షేపంగా పెట్టుకోవచ్చు," అన్నారు ఘనపాఠి గారు. "దక్షిణానికి పెడితే ఆయుష్షు. తూర్పుకి పెడితే జ్ఞానం."

బంట్రోతుని తిప్పారు. తల తూర్పుకి వచ్చింది. ఎడమ చెయ్యి దక్షిణానికి తిరిగింది. దక్షిణాన కాలవ, కాలవ చివర ఏముంది? రెండు జిల్లాల అధికారులూ ఒకేసారి అటు తిరిగి చూశారు. చూస్తుంటే అందరి మొహాలూ విచ్చుకున్నాయి.

"సముద్రం," అన్నాడు పద్మనాభం మెల్లిగా.

"సముద్రం ఏ జిల్లా లెక్కలోకీ రాదు," అన్నాడు గణాంకాధికారి, ఇంకా మెల్లిగా.

చక్రధరం తన సగంలోంచి చెయ్యి చాచాడు. పద్మనాభం తన సగంలోంచి చెయ్యి చాచాడు. వంతెన సరిగ్గా మధ్యలో రెండు చేతులూ కలిశాయి. ఫొటో తీశారు.

"అయితే ఆవిడ తూర్పుకి తలపెట్టుకుని పడుకుంటుందని రుజువు కావాలి," అని గుర్తు చేశాడు గణాంకాధికారి.

"ఆవిడ దక్షిణానికే పెట్టుకుంటుందనుకోండి?" అన్నాడు చక్రధరం.

"ఆయుష్షు బదులు జ్ఞానం తీసుకోమనండి," అన్నారు ఘనపాఠి గారు.

*

రెండు జిల్లాల జీపులూ ఒకే వీధిలోకి రావడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. గవర్రాజు అరుగు కడిగించి, చుట్టుపక్కల ఇళ్ళ నుంచి కుర్చీలు తెచ్చి వేశాడు. పోట్లాట మరిచిపోయిన తాతబ్బాయి బావకి సాయం పట్టాడు. గెలిచింది సముద్రం గనక ఇద్దరి పరువూ నిలిచింది.

అధికారులు శాలువా, పళ్ళబుట్ట తెచ్చారు. హైమవతి చేత సీసానీ, పలకల పెట్టెనీ మోయించుకొచ్చారు, దిక్కుల నిర్ధారణలో ఆనవాలు పక్కనే ఉండాలని. ఆమె వాటిని వంటింటి గుమ్మం పక్కనున్న గూట్లో పెట్టి, అక్కడే నిలబడింది.

"అమ్మా," అన్నాడు పద్మనాభం శాలువా విప్పుతూ, "మీరు రెండు జిల్లాల మధ్య సామరస్యానికి వేదిక అయ్యారు. ఇక ఒక్క చిన్న మాట. మీరు ఎటు తలపెట్టుకుని పడుకుంటారు?"

"ఎటు నిద్ర పడితే అటండీ. ఈ మధ్య ఎటూ పట్టట్లేదు."

"మంచం మాత్రం దక్షిణంగా ఉంది," అన్నాడు గణాంకాధికారి గదిలోకి తొంగిచూసి.

"మంచానిదేముందండీ, తిప్పేత్తాం!" గవర్రాజు అప్పటికే కాలు లోపల పెట్టాడు. "రా బావా, ఓ చెయ్యెయ్యి."

వరహాలమ్మ శాలువా వైపు చూడలేదు. "నాదో సందేహం బాబూ. తూర్పుకి తిరిగితే కాగితం ఇత్తారు కదా?"

"తక్షణం ఇస్తాం. ఆ మాట కూడా రాస్తాం. ఏ దాపరికం లేదు."

"అందులో నా ఊరేదని రాత్తారు?"

"మూడు కంతుల వరకూ చింతలమెరక, తూర్పుగట్టు జిల్లా. నాలుగోదానికి సముద్ర ప్రాంతం."

"ఆ కాగితం పెద్దాసుపత్రిలో చెల్లుతుందా?"

పద్మనాభం చక్రధరాన్ని చూశాడు. చక్రధరం పళ్ళబుట్టని చూశాడు.

"సముద్రానికి ఆరోగ్య కార్డు సదుపాయం ఇంకా కల్పించబడలేదు," అన్నాడు పద్మనాభం. "ఆ మేరకు పైకి ప్రతిపాదన పంపుతాం. సానుకూలంగా స్పందిస్తారనే ఆశిద్దాం. ఈలోగా మీకు ఏ ఇబ్బందీ లేకుండా 'దీర్ఘకాలిక నీరసం' కింద బలం మాత్రలు మంజూరు చేయించాను."

"దణ్ణం పెట్టవే," అన్నాడు గవర్రాజు గదిలోంచి.

గది సన్నంది. పొడుగ్గా పడ్డ మంచం అడ్డంగా పట్టదు. ఇద్దరూ ఎత్తి తిప్పబోతే ఒక కోడు గోడకి తగిలింది, ఇంకో కోడు ద్వారబంధంలో ఇరుక్కుంది. తాతబ్బాయి లోపలి మూలన, గవర్రాజు మంచం కింద వంగి, ఎటూ రాలేక నిలబడిపోయారు.

"ఎత్తు, ఎత్తు!"

"నువ్వు దించు బావా ముందు!"

"ఈశాన్యం దాకా వచ్చింది, ఇంకాస్త," అని బయటి నుంచి ఘనపాఠి గారు దారి చూపించారు.

"ఈశాన్యం వద్దు!" చక్రధరం కంగారుగా లేచాడు. "ఈశాన్యానికి తలపెడితే ఎడమ చెయ్యి ఆగ్నేయానికి వస్తుంది. ఆగ్నేయంలో మీ ఊళ్ళున్నాయి."

"మా ఊళ్ళా? అయితే వెంటనే తిప్పండి!" పద్మనాభం చొక్కా చేతులు మడిచాడు. గణాంకాధికారి కూడా దిగాడు. ఇద్దరు బంట్రోతులు కిటికీ లోంచి చేతులు పెట్టి నవారు పట్టుకున్నారు. ఆ గోడ కాస్త పగలగొడితే వీలవుతుందని చక్రధరం అన్నాడు. అందుకు ఏ జిల్లా నిధులు వాడాలన్న ప్రశ్న వచ్చింది. రెండు జిల్లాల పరిపాలనా యంత్రాంగం ఒక మంచం చుట్టూ చేరి, ఊపిరి బిగబట్టి, ముక్కుతూ మూలుగుతూ తోస్తోంది.

వరహాలమ్మ లేచింది. గుమ్మంలో మంచమూ మనుషులూ అడ్డంగా ఉన్నారు. వంటింటి వైపు నడిచింది. దండెం మీది ఉతికిన చీర తీసి మడిచి చంకన పెట్టుకుంది. గూటి దగ్గర ఆగి, సీసా తీసుకుంది. చెడకుండా పోసిన ఫార్మలిన్ వాసన ముక్కుకి కొట్టింది. లోపల, తన ఇద్దరు పిల్లల్నీ మోసిన తిత్తి, బూడిదరంగుకి తిరిగి, కోసిన చోట విచ్చుకుని, నీళ్ళలో కొంచెం కదిలింది. దాన్ని చీరలో చుట్టింది. తర్వాత పలకల పెట్టె మీద చెయ్యి వేసింది.

కాగితం లేకపోయినా, పట్నం డాక్టర్లు ఆ పలకలు చూస్తే ఆ మాట వాళ్ళే రాయగలరు. కానీ అది ఆసుపత్రి సొత్తు. బయటికి పోనిస్తే ఎవరి ఉద్యోగం పోతుందో హైమవతికి బాగా తెలుసు. ఆమె చెయ్యి కూడా పెట్టె మీదే ఉంది. ఒకసారి గదిలోకి చూసింది. అక్కడ సూపరింటెండెంటు మంచం పట్టె కింద భుజం పెట్టి, "సముద్రం ఎటు? సముద్రం ఎటు?" అని అరుస్తున్నాడు.

హైమవతి చెయ్యి తీసేసింది. వరహాలమ్మ పెట్టె తీసుకుంది. మెడలోని గుర్తింపు కార్డు విప్పి, పెట్టె ఉన్న చోట పెట్టింది. పెరటి తలుపు గడియ తనే తీసి పట్టుకుంది.

"వరాలూ!" మంచం కింద నుంచి గవర్రాజు కేక వేశాడు. "సారుకి మంచినీళ్ళు పట్రా! అయిపోవచ్చింది, తూర్పుకి వచ్చేత్తన్నాం!"

వరహాలమ్మ కొంగు బిగించి, పెరటి గడప దాటి, పట్నం బస్సు ఆగే రోడ్డు వైపు నడిచింది.